నాలుగవ వారము మొదట

మా అమ్మమ్మ వ్రాసి ఉంచిన వంటల పుస్తకమొకటి మా యింటిలో నున్నది. నూనె మరకలు, మధ్యమధ్య చాకలి పద్దులు, వాటి నడుమ అరిసెలు, కజ్జికాయలు, గులాబి పువ్వులు, మూడు విధములైన ఆవకాయ, పెండ్లివారికి పెట్టు పులిహోర. డిసెంబరు 25వ తేదీన ఆ యింట ఏమి వండిరో నేను ఈనాటికిని చెప్పగలను. 26వ తేదీన ఏమి తినిరో చెప్పజాలను. పండుగ వంటను వ్రాసికొని దినదినపు వంటను వ్రాయక విడుచుట ఆమె ఒక్కతె అలవాటు కాదు. మన యిండ్లలోని చేతివ్రాత పుస్తకములు దాదాపు అన్నియు అట్టివే. అయితే జీతమును తినునది 26వ తేదీ వంటయే; ఆరోగ్యమును నిలుపునదియు, చెరుపునదియు అదియే. చదువరులారా, ఈ పాఠములో దానినిగూర్చి ఆలోచింతము.

నేను అనువాదకుడను. వంటింటి విషయములలో నాకు అధికారము లేదని ముందుగానే ఒప్పుకొందును. ఆ గడప దాటి నేను లోనికి వచ్చినది ఒక రక్తపరీక్ష వలన. కొంతకాలము క్రిందట నా భార్య మేడమెట్లు ఎక్కునప్పుడు ఆయాసపడుచుండెను. పరీక్ష చేయింపగా హిమోగ్లోబిన్ 8.6 అని తేలినది. స్త్రీలకు అది 12 కంటె తగ్గినచో రక్తహీనత అందురు. వైద్యురాలు మాత్రలు వ్రాసి యిచ్చి, “రోజూ ఏం తింటారమ్మా?” అని అడిగెను. నా భార్య కొంచెము ఆలోచించి, “ఏది మిగిలితే అది తింటానండీ” అన్నది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఊరిపేరు చెప్పినట్టు చెప్పినది. ఇరువదియైదేండ్లుగా హెబ్రీ, గ్రీకు పదముల బరువును తూచుచు వచ్చిన నేను మా యింటి కూరగిన్నె అడుగున ఎంత మిగులుచున్నదో ఒక్కనాడును చూచినవాడను కాను.

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో 57 శాతము మంది రక్తహీనులు. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన పట్టికలో దినమునకు పురుషునికి 19 మిల్లీగ్రాముల ఇనుము చాలునని, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెనని యున్నది. ఎవరికి ఎక్కువ కావలెనో ఆమెయే అందరికంటె వెనుక కూర్చుండి తినుచున్నది. మాత్రలు మాత్రలే, ఆహారము వాటి పని చేయునని నేను చెప్పుట లేదు. గాని మాత్రలు అయిపోయిన తరువాత మరల అదే గిన్నె అడుగు మిగిలియుండును గదా.

కాబట్టి మేమిద్దరము కూర్చుండి మా యింటి వంటలను వ్రాయ మొదలుపెట్టితిమి. నిఘంటువు పనిలో నేను వాడిన కార్డులు ఒక పెట్టెడు ఖాళీగా నుండెను. పుస్తకమునకంటె కార్డు మేలు. తీసి ముందు వెనుకలుగా పెట్టవచ్చును, చెడిన దానిని చింపి మరల వ్రాయవచ్చును. మాలతీ చందూర్ గారి ‘వంటలు–పిండివంటలు’ వంటి మంచి పుస్తకము అనేక కుటుంబములలో నున్నది. అచ్చు పుస్తకము ఎట్లు వండవలెనో నేర్పును గాని, ఈ మంగళవారము, ఈ డబ్బాలో మిగిలిన పప్పుతో, చేతనున్న ఈ రూపాయలతో మా యింట ఏమి వండవలెనో అది ఎట్లు చెప్పును?

మొదట అడ్డుపడినవి కొలతలు. అమ్మమ్మ పుస్తకములో గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలు. బెల్లమునకు సేరు, చింతపండునకు వీసె. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని లెక్క తెలిసినను, ఆ సోల ఏ ఊరి సోల? మెట్రిక్ కొలతలు 1956 చట్టము వలన వచ్చి 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా అమలైనవి. అంతకు పూర్వము పేరు ఒకటియైనను బరువు ఒకటి కాదు. మద్రాసు సేరు 24 తులములు, అనగా సుమారు 280 గ్రాములు. బ్రిటిషు ఇండియా ప్రామాణిక సేరు 80 తులములు, అనగా సుమారు 933 గ్రాములు. ఈ భేదము తెలియక ఒక క్రిస్మసునకు మేము అమ్మమ్మ ‘సేరు బెల్లము’ను పెద్ద సేరుగా ఎంచి అరిసెల పాకము పట్టితిమి. మూడు రెట్లకు పైగా బెల్లము! దంచిన పిండి అంతయు పోసినను పాకము పాకముగానే యుండెను. అనువాదకునికి ఇది తెలిసిన అపాయమే. పాత నిబంధనలోని ‘ఏఫా’ తెలుగులో ‘తూము’ అయినది. రూతు ఏరుకొనిన యవలను చదువు ప్రతి పాఠకుడును తన ఊరి తూమునే తలంచుకొనును. గ్రంథములో అది క్షమింపదగినది. అరిసెలలో కాదు.

దీనికి మేము కనుగొనిన ఉపాయము చిన్నది. అమ్మమ్మ సోల గిన్నె మిగిలియున్నది గనుక దానిని బియ్యముతో ఒకసారి, కందిపప్పుతో ఒకసారి, పిండితో ఒకసారి నింపి త్రాసులో తూచి, ఆ గ్రాములనే కార్డులపై వ్రాసితిమి. ఒకే గిన్నెలో బియ్యపు బరువు వేరు, పిండి బరువు వేరు. మీ యింట సోల లేకపోయినచో దినమును వాడు స్టీలు గ్లాసునే అట్లు తూచుడి. ‘తగినంత’ అను మాటను ఉప్పునకు, కారమునకు తప్ప దేనికిని వాడకుడి. నెల ఖర్చు తలక్రిందులగునది ఆ మాట దగ్గరనే.

కార్డుపై ఏమేమి యుండవలెనను ప్రశ్నకు నాకు ఒక ఆంగ్ల గ్రంథము సహాయపడినది. 1861లో లండనులో ఇసబెల్లా బీటన్ అను యువతి గృహనిర్వహణనుగూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందలి వంటలలో అనేకము ఇతరుల పుస్తకములనుండి తీసికొన్నవే. అయినను ప్రతి వంటకు మొదట సరకుల పట్టిక యుంచి, చివర ఎంత సేపు పట్టును, ఎంత ఖర్చగును, ఎందరికి చాలును, ఏ ఋతువులో చేయవచ్చును అను సంగతులను ఆమె చేర్చెను. ఆమె వంటలు మన నోటికి ఇంపుగా నుండవు; ఆ నాలుగు పంక్తులు మాత్రము ఏ దేశమునకైనను పనికివచ్చును. ఖర్చును పెన్సిలుతో వ్రాయుడి, ధర మారినప్పుడు తుడిచి దిద్దవచ్చును. కిలో కందిపప్పు 150 రూపాయలనుకొన్నచో 200 గ్రాములకు 30 రూపాయలు.

ఎందరికి చాలును అను పంక్తి దగ్గర మా పని ఒక దినమంతయు ఆగిపోయినది. మా యింట నలుగురము: మా అమ్మ, నేను, నా భార్య, కాలేజీలో చదువుచున్న మా కుమార్తె. నా భార్య చేతి అలవాటుగా వేయు పప్పును, కూరను నేను తూచి వ్రాసితిని. తోటకూర పప్పునకు కందిపప్పు 150 గ్రాములు. కోడిగుడ్ల పులుసునకు గుడ్లు మూడు. చేపల పులుసునకు ముక్కలు ఆరు, తలకు రెండు. ఆమె చెప్పుచుండగా ఒక్కొక్క కార్డుపై ‘ముగ్గురికి’ అని వ్రాయుచు పోతిని. పదునాలుగవ కార్డు దగ్గర కలము ఆగినది. లెక్కలో ఆమె లేదు. ఆ సంగతి ఆమెకును తెలియదు. బియ్యము మాత్రము నలుగురికి సరిపోవునట్లు వేయుచుండెను. అనగా ఇన్నేండ్లు ఆమెకు మిగిలినది అన్నము, చారు, పచ్చడి.

ఆ దినమున కార్డులపై ‘ముగ్గురికి’ అను మాట కొట్టివేసి ‘కంచములు: 4’ అని వ్రాసి, సరకులను మరల లెక్కించితిమి. పప్పు 150 నుండి 200 గ్రాములైనది. నెల ఖర్చు పెరుగునా? పెరిగినది. దానిని ఎక్కడనుండి తీయవలెనను ప్రశ్నయే మమ్మును నెల పథకమునకు త్రిప్పినది.

మన యిండ్లలో నెల సరకుల పట్టిక మొదటి వారమునుండి వ్రాయబడును. జీతము వచ్చిన ఆదివారము కోడికూర, రెండవ వారము చేపలు, మూడవ వారము పప్పు, నాలుగవ వారము నీళ్ల చారు. పథకమును తిరగవేసి, నాలుగవ వారమునకు కావలసిన వాటిని జీతము వచ్చిన దినముననే మొదట కొని వేరు డబ్బాలలో పెట్టి మూయుడి. అవి నిలువ యుండునవియే కావలెను: ఉలవలు, అలసందలు, శనగలు, వేరుశనగ గుండ్లు, రాగిపిండి, చింతపండు, తినువారికి ఎండుచేప. నూరు గ్రాముల వేరుశనగ గుండ్లలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులున్నవి. కందిపప్పులో సుమారు 22. ఆ డబ్బాలు నిండిన తరువాత మిగిలిన సొమ్ముతో మూడవ వారము, తరువాత రెండవది, కడపట మొదటిది. మొదటి ఆదివారపు కోడి కొంచెము చిన్నదగును, అంతే. వారకూలితో బ్రదుకువారికి నాలుగవ వారమనగా కూలి ముట్టుటకు ముందటి రెండు దినములు; లెక్క అదే.

ఎంత కొనవలెననుటకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు కొలబద్ద కాగలవు. పెద్దవారొకరికి దినమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు. మాంసము, గుడ్లు తినువారు ఆ పప్పులలో కొంత తగ్గించుకొనవచ్చును. నలుగురికి ముప్పది దినములకు లెక్కించినచో ధాన్యము 30 కిలోలు, పప్పులు 10 కిలోలకు కొంచెము పైన. మూడింట ఒక వంతు! మా పాత పట్టికలో బియ్యము 40, పప్పులన్నియు కలిపి 4. మీ పట్టికను తీసి చూచుకొనుడి. రేషను బియ్యము ఆహార భద్రతా చట్టము క్రింద మనిషికి నెలకు 5 కిలోల చొప్పున 2023 జనవరి నుండి ఉచితముగా వచ్చుచున్నది. అది మేలే. అయితే ఉచితమైనది కంచమంతయు ఆక్రమించుకొనును, వెల పెట్టవలసినది మూలకు పోవును. మేము బియ్యములో పది కిలోలు తగ్గించి, ఆ సొమ్మును పప్పులకు మార్చితిమి. పదికి చేరలేదు; ఏడువరకు వచ్చితిమి.

కార్డులను పులుసులు, పచ్చళ్లు, వేపుళ్లు అని గాక, సరకు పేరునుబట్టి అమర్చితిమి. డబ్బాలో అలసందలున్నచో ‘అలసంద’ కార్డులన్నియు ఒక్కచోట దొరకవలెను. ప్రతి కార్డు వెనుక రెండు సంగతులు వ్రాసితిమి. ఒకటి, మిగిలినది ఎక్కడికి పోవలెను: పప్పు ఉడికిన కట్టు సాయంత్రపు చారులోనికి, రాత్రి అన్నము ఉదయమున మజ్జిగతో చద్దికి. రెండవది, సరకు ప్రియమైనప్పుడు దాని స్థానములో ఏమి వేయవలెను. 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటినది. సెప్టెంబరునాటికి రైతుకు కోతకూలియు రాని ధరకు పడినది. టమాటా లేనిదే పప్పు లేదనుకొను యిల్లు ఆ జూలైలో చాల నష్టపడినది. మన పెద్దలకు పులుపునకు చింతపండు, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, వేసవిలో చింతచిగురు ఉండెను.

వడ్డనలో మార్పు తెచ్చుట అన్నిటికంటె కష్టమైనది. “కోడలు వడ్డించకపోతే ఎవరు వడ్డిస్తార్రా?” అని మా అమ్మ అడిగినది. తప్పుగా అడుగలేదు, ఆమెయు అట్లే బ్రదికినది. ఇప్పుడు గిన్నెలు బల్లమీద పెట్టి నలుగురము ఒకేసారి కూర్చుందుము. పులుసులో గుడ్లు నాలుగు. ఆకుకూర వండిన దినమున నిమ్మకాయ తప్పక పెట్టుదుము, దాని వలన ఆకులోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనము వెంట త్రాగు టీ దానికి విరోధి అని వైద్యురాలు చెప్పెను.

ఆరు మాసముల తరువాత పరీక్షలో 11.2 వచ్చినది. మొన్న నా భార్య ఉలవల కార్డుపై పాత ధర తుడిచి క్రొత్తది వేయుచుండగా చూచితిని. వారము చివర ఆమె చెల్లెలు వచ్చునట. ‘4’ ప్రక్కన పెన్సిలుతో ‘5’ అని వ్రాసి, “ఉలవలు ఇంకొంచెం నానబెట్టాలండీ” అన్నది. టీ మాత్రము భోజనము కాగానే త్రాగుట ఆమె ఇంకను మానలేదు. నేనును మానలేదు.