సెకండరీ హార్డ్ డిస్క్‌లో పాత విండోస్ ఉందా? తీసేసే ముందు ఈ వరుస పాటించండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. దాంతో చాలామంది ఒకటే పని చేస్తున్నారు. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, దాంట్లో విండోస్ 11 వేసుకుని, పాత 1 టీబీ హార్డ్ డిస్క్‌ని రెండో డ్రైవ్‌గా సిస్టమ్‌లోనే ఉంచేస్తున్నారు. ఐడియా మంచిదే. కానీ ఆ హార్డ్ డిస్క్‌లో పాత విండోస్ అలాగే ఉండిపోతుంది. జాగా తింటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ ఏ విండోస్ కావాలని అడుగుతుంది.

"దానిదేముంది, ఆ డిస్క్‌లో పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టేస్తే సరిపోతుంది" అనుకుంటాం. చాలా సిస్టమ్స్‌లో నిజంగానే సరిపోతుంది. కొన్నింట్లో మాత్రం రీస్టార్ట్ చేయగానే కొత్త విండోస్ కూడా లేవదు. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే. ఎందుకలా అవుతుంది, మన సిస్టమ్ ఏ రకమో ఎలా తెలుసుకోవాలి, తర్వాత ఏ వరుసలో తీసేయాలి? ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఒక చిన్న మాట. కమాండ్లని ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

అసలు చిక్కు ఎక్కడుంది?

విండోస్ ఏ డిస్క్‌లో ఉంది అన్నది ఒక ప్రశ్న. కంప్యూటర్ ఏ డిస్క్ నుంచి లేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకటే అవ్వాలని రూలేం లేదు.

ఇప్పటి సిస్టమ్స్‌లో విండోస్‌ని లేపే ఫైళ్లు సీ డ్రైవ్‌లో ఉండవు. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటాయి. సైజు చాలావరకు 100 ఎంబీ, కొన్ని కంపెనీ సిస్టమ్స్‌లో 260 ఎంబీ. ఎక్స్‌ప్లోరర్‌లో ఇది కనిపించదు. పాత హార్డ్ డిస్క్ తగిలించి ఉంచే ఎస్‌ఎస్‌డీలో విండోస్ 11 ఇన్‌స్టాల్ చేస్తే, సెటప్ పాత డిస్క్‌లో అప్పటికే ఉన్న ఆ పార్టిషన్‌నే వాడుకునే అవకాశం ఉంది. అప్పుడు ఇల్లు కొత్త డిస్క్‌లో, తాళంచెవి పాత డిస్క్‌లో ఉన్నట్టు.

ఉదాహరణకి పాలకీడులో మా బాబాయి డీటీపీ షాపు సిస్టమ్ తీసుకుందాం. 2019లో కొన్న డెస్క్‌టాప్. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో విండోస్ 10 ఉండేది. మిర్యాలగూడలో ఒక షాపులో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించి విండోస్ 11 వేయించాడు. తర్వాత నాకు ఫోన్ చేసి, "ఆ పాతది తీసేయిరా, జాగ సరిపోతలేదు" అన్నాడు. ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్నవి: పెళ్లి కార్డుల డిజైన్లు, రెండు ఎరువుల షాపుల టాలీ లెక్కలు, ఊళ్లోవాళ్ల పాస్‌బుక్ స్కాన్లు, జాన్‌పహాడ్ ఉర్సు ఫొటోలు. వేరే ఎక్కడా కాపీ లేదు. కాబట్టి డిలీట్ కంటే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

స్టెప్ 1: ఏ డిస్క్ నుంచి లేస్తోందో చూడండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద డిస్క్ 0, డిస్క్ 1 అని వరసలు కనిపిస్తాయి. ప్రతి పార్టిషన్ కింద బ్రాకెట్‌లో కొన్ని పదాలుంటాయి. వాటిలో రెండు మనకి ముఖ్యం.

బూట్ అని ఉంటే, ఇప్పుడు నడుస్తున్న విండోస్ ఉన్న పార్టిషన్ అదే. సిస్టమ్ అని ఉంటే, కంప్యూటర్‌ని లేపే ఫైళ్లు ఉన్నది అక్కడ. పేర్లు తారుమారు అయినట్టు అనిపిస్తాయి గానీ, మైక్రోసాఫ్ట్ వాడుక ఇదే. బూట్, సిస్టమ్ రెండూ ఎస్‌ఎస్‌డీ వరసలోనే ఉంటే మీరు అదృష్టవంతులు, స్టెప్ 3కి వెళ్లండి. బూట్ ఎస్‌ఎస్‌డీలో, సిస్టమ్ పాత హార్డ్ డిస్క్‌లో ఉంటే స్టెప్ 2 తప్పదు. బాబాయి సిస్టమ్‌లో సరిగ్గా ఇదే ఉంది.

డిస్క్ నంబర్‌ని నమ్మి ముందుకెళ్లొద్దు. రీస్టార్ట్ అయ్యాక, కేబుల్ మార్చాక నంబర్లు మారొచ్చు. సైజు చూసి గుర్తుపట్టండి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో సుమారు 931 జీబీగా, 500 జీబీది 465 జీబీగా కనిపిస్తుంది.

అదే వరసలో పేజ్ ఫైల్ అనే పదం పాత డిస్క్ కింద ఉందేమో కూడా చూడండి. ఉంటే వర్చువల్ మెమరీ సెట్టింగ్స్‌లో ఆ డ్రైవ్‌కి పేజింగ్ ఫైల్ లేకుండా మార్చి రీస్టార్ట్ చేయాలి.

స్టెప్ 2: బూట్ ఫైళ్లని ఎస్‌ఎస్‌డీకి తెచ్చుకోండి

ముందు రెండు చెక్‌లు. ఒకటి, రన్ బాక్స్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి బయోస్ మోడ్ చూడండి. యూఈఎఫ్‌ఐ అని ఉంటేనే కింది కమాండ్లు పనికొస్తాయి. లెగసీ అని ఉంటే పద్ధతి వేరు, వీటిని వాడొద్దు. రెండు, బిట్‌లాకర్. విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా సిస్టమ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. బూట్ సెట్టింగ్స్ కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీని ముందే కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి మొదలుపెట్టండి.

ఇప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్‌తో 300 ఎంబీ ఖాళీ చేయండి. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ వరుసలో కొట్టండి:

డిస్క్‌పార్ట్
లిస్ట్ డిస్క్
సెలెక్ట్ డిస్క్, పక్కన ఎస్‌ఎస్‌డీ నంబర్
క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260
ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32
అసైన్ లెటర్=ఎస్
ఎగ్జిట్

ఆ తర్వాత ఒకే లైన్:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

అంటే "సీలో ఉన్న విండోస్‌ని లేపడానికి కావాల్సిన ఫైళ్లని ఎస్ అనే కొత్త పార్టిషన్‌లో పెట్టు" అని. బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్ అని మెసేజ్ వస్తే పని అయినట్టే. తర్వాత బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఎస్‌ఎస్‌డీ పేరున్న ఎంట్రీని మొదట పెట్టండి.

స్టెప్ 3: డిస్క్ పీకి చూడండి

ఈ మొత్తం ఆర్టికల్‌లో ఒక్క స్టెప్ మాత్రమే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. స్క్రీన్ మీద లేబుల్స్ ఏం చెప్పినా, చేత్తో చేసిన పరీక్షే ఫైనల్. లెగసీ సిస్టమ్‌కైనా, యూఈఎఫ్‌ఐ సిస్టమ్‌కైనా ఇదే పరీక్ష.

షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ చేయండి. అప్పుడే ఫాస్ట్ స్టార్టప్ అడ్డం రాకుండా పూర్తిగా ఆగుతుంది. పవర్ కార్డ్ తీసి, పాత హార్డ్ డిస్క్‌కి ఉన్న సాటా డేటా కేబుల్ పీకి, మళ్లీ ఆన్ చేయండి. విండోస్ 11 మామూలుగా లేస్తే పాత డిస్క్ అవసరం లేనట్టే. లేవకపోతే కంగారు లేదు. ఇంకా ఏదీ డిలీట్ చేయలేదు కదా, ఆఫ్ చేసి కేబుల్ మళ్లీ పెడితే ఎప్పటిలాగే లేస్తుంది. ఈ పరీక్షకి ఉన్న అందం అదే. తప్పు తేలినా నష్టం ఉండదు.

వీలైతే రెండు మూడు రోజులు ఆ కేబుల్ పీకేసే వాడండి. ఏదైనా సాఫ్ట్‌వేర్ "ఫలానా ఫైల్ దొరకలేదు" అని ఆగితే, అది పాత డిస్క్ మీద ఆధారపడుతోందని ఇప్పుడే తెలిసిపోతుంది. గేమ్ లైబ్రరీలు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎక్కువగా ఇలా బయటపడతాయి.

స్టెప్ 4: డేటా ఎక్కడెక్కడ దాక్కుందో వెతకండి

కేబుల్ మళ్లీ పెట్టాక ముందు క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో లాంటి ఫ్రీ టూల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. కాషన్ అని పసుపు రంగు వస్తే వేరే పనులన్నీ ఆపి, ముఖ్యమైన ఫైళ్లని కాపీ చేయండి.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరూ చూస్తారు. మర్చిపోయేవి ఇవి:

టాలీ డేటా. ఇది డాక్యుమెంట్స్‌లో ఉండకపోవచ్చు. టాలీ ఫోల్డర్ లోపల డేటా అనే ఫోల్డర్‌లో గానీ, యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో గానీ ఉంటుంది. పాత విండోస్‌లోనే ఒకసారి బూట్ చేసి, టాలీలో డేటా పాత్ చూస్తే డౌట్ ఉండదు.

అను ఫాంట్లు. ఇవి యూనికోడ్ కావు. ఫాంట్ లేకపోతే పాత పెళ్లి కార్డు ఫైల్ తెరిచినా అక్షరాలు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. అవి పాత విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో ఉంటాయి. ఫైళ్లు దాచుకుని ఫాంట్లు వదిలేస్తే సగం పోగొట్టుకున్నట్టే.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు. క్రోమ్ ఫోల్డర్‌ని కాపీ చేస్తే పాస్‌వర్డ్‌లు రావు. అవి పాత విండోస్ యూజర్ అకౌంట్‌తో లాక్ అయి ఉంటాయి. పాత విండోస్‌లోకి వెళ్లి, సింక్ ఆన్ చేయడమో ఎక్స్‌పోర్ట్ చేయడమో చేయాలి.

ఇందుకే పాత విండోస్‌ని తీసేసే ముందు దాంట్లోకి ఆఖరిసారి ఒకసారి వెళ్లి రండి.

కాపీ వేరే డిస్క్‌లోకి వెళ్లాలి. అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి జరిపితే అది బ్యాకప్ కాదు. ఎక్కువ ఫైళ్లుంటే రోబోకాపీ వాడండి:

రోబోకాపీ డీ:\యూజర్స్ ఈ:\బ్యాకప్ /ఈ /ఎక్స్‌జే /ఆర్:1 /డబ్ల్యూ:1

ఇక్కడ ఈ అంటే ఎక్స్‌టర్నల్ డ్రైవ్. చివరి రెండు ఎందుకంటే, ఒక ఫైల్ చదవలేకపోతే రోబోకాపీ మామూలుగా 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. దానికి అంత ఓపిక మనకి అక్కర్లేదు. అయ్యాక ఫైళ్ల సంఖ్య, సైజు సరిచూసి, ఒక్కో ఫోల్డర్ నుంచి నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి.

స్టెప్ 5: ఇప్పుడు తీసేయండి

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత విండోస్ ఉన్న వాల్యూమ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ చేయండి. చిన్న పార్టిషన్లు మిగిలిపోతాయి. అక్కడ డిలీట్ ఆప్షన్ పనిచేయదు. 100 ఎంబీ కోసం తొందర లేదు, ఉంచేసినా పర్లేదు. మొత్తం డిస్క్ శుభ్రంగా కావాలంటే డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కమాండ్ ఉంది. అది "ఖచ్చితమా?" అని కూడా అడగదు, సెలెక్ట్ అయిన డిస్క్‌లోని పార్టిషన్లన్నీ ఒక్కసారిగా పోతాయి. లిస్ట్ డిస్క్‌లో సెలెక్ట్ చేసిన డిస్క్ పక్కన చుక్క గుర్తు వస్తుంది. ఆ వరసలో సైజు చదివాకే ఎంటర్ కొట్టండి.

కొందరు ఫార్మాట్ చేయకుండా విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లకి ఓనర్‌షిప్ తీసుకుని డిలీట్ చేయమంటారు. నేను సలహా ఇవ్వను. కారణం ఉంది. పాత విండోస్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ లాంటి కొన్ని ఫోల్డర్లు నిజమైన ఫోల్డర్లు కావు, జంక్షన్లు. అవి సీ:\యూజర్స్ అనే పూర్తి అడ్రస్‌ని చూపిస్తాయి. పాత విండోస్ నడిచినప్పుడు సీ అంటే అదే. ఇప్పుడు సీ అంటే మీ కొత్త విండోస్. డీలో పర్మిషన్లు మారుస్తున్నామనుకుంటే, అవి కొత్త విండోస్ యూజర్ ఫోల్డర్‌కి తగిలే ప్రమాదం ఉంది. రోబోకాపీలో ఎక్స్‌జే పెట్టింది కూడా ఈ జంక్షన్లని వదిలేయడానికే.

డిస్క్ క్లీనప్‌లో వచ్చే ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ ఆప్షన్ దీనికి పనికిరాదు. అది అప్‌గ్రేడ్ చేసినప్పుడు సీలో మిగిలే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ కోసం.

బూట్ మెనూలో పాత పేరు ఇంకా కనిపిస్తుంటే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో కరెంట్ ఓఎస్ అని లేనిదాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ చేయండి. ముందు సస్పెండ్ చేసిన బిట్‌లాకర్‌ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

డిస్క్‌ని అమ్మేస్తున్నారా?

క్విక్ ఫార్మాట్ చాలదు. అది విషయసూచికని చించుతుంది గానీ, పేజీలు అలాగే ఉంటాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవరైనా ఊళ్లోవాళ్ల ఆధార్, పాస్‌బుక్ స్కాన్లు బయటకి తీయొచ్చు. క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి విండోస్ ఫుల్ ఫార్మాట్‌లో డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. సెకనుకి 100 ఎంబీ వేగం లెక్కేస్తే 1 టీబీకి దాదాపు మూడు గంటలు. గాలివాన రోజు కాకుండా, యూపీఎస్ ఉన్నప్పుడు పెట్టుకోండి.

బాబాయి డిస్క్‌కి ఇదంతా చేయడానికి ఒక ఆదివారం పట్టింది. దాంట్లో ఫార్మాట్‌కి పట్టింది నిమిషం కూడా కాదు. మిగతా టైమంతా చూసుకోవడానికి, కాపీకి, సరిచూడటానికే పోయింది. మీకూ అలాగే అయితే, పని సరిగ్గా జరిగినట్టే.