ఆదివారానికి ఎంత మిగులుతుంది?

మా చిలకలూరిపేటలో నాతో స్కూల్లో చదివిన ఒకడికి సివియర్ హీమోఫిలియా ఏ ఉంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8, మామూలుగా ఉండాల్సినదాంట్లో 1 శాతం కూడా వాడి ఒంట్లో లేదు. దెబ్బ తగిలితే రక్తం ఆగదు, అంతే కదా అనుకునేవాణ్ణి. అసలు బాధ లోపల ఉంది. ఏ దెబ్బా లేకుండానే మోకాలి కీలులోకి రక్తం దిగి వాచిపోతుంది. పదేపదే అలా జరిగితే కీలే పాడవుతుంది.

అందుకే రక్తస్రావం మొదలవకముందే ఫ్యాక్టర్ ఎక్కిస్తారు. దీన్ని ప్రొఫిలాక్సిస్ అంటారు. స్వీడన్‌లోని మాల్మోలో ఇంగా మేరీ నిల్సన్ అనే డాక్టర్, ఆవిడ తోటివాళ్ళు 1958లో మొదలుపెట్టారు. 1 నుంచి 5 శాతం ఫ్యాక్టర్ ఉన్నవాళ్ళకి కీళ్ళు అంతగా దెబ్బతినట్లేదని చూసి, తక్కువున్నవాళ్ళని కూడా 1 శాతం పైనే ఉంచుదామనుకున్నారు.

మావాడికి సోమవారం, గురువారం కిలోకి 10 యూనిట్ల చొప్పున ఎక్కిస్తారు. డబ్బున్న దేశాల్లో కిలోకి 25 నుంచి 40, వారానికి మూడుసార్లు. ఫ్యాక్టర్ ఖరీదు వల్ల మన దగ్గర తక్కువ డోసే ఎక్కువమందికి దిక్కు. వాడు క్రికెట్ ఆడేది మాత్రం ఆదివారం. "ఆదివారం ఆడితే సోమవారం మంచమేరా" అంటాడు.

ఒకరోజు కూర్చుని లెక్కేశాను. కిలోకి 1 యూనిట్ ఎక్కిస్తే ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. అంటే 10 యూనిట్లకి 20 శాతం. సగటున 12 గంటలకోసారి అది సగమవుతుంది. గురువారం పొద్దున 20 ఉంటే శుక్రవారం పొద్దునకి 5, శనివారానికి 1.25, ఆదివారానికి 0.3. వాడు బ్యాట్ పట్టుకునేసరికి ఒంట్లో ఏమీ లేదన్నమాట!

డోస్ డబుల్ చేస్తే? నేనూ మొదట అదే అనుకున్నాను. రెట్టింపు మందుకి మనకి దొరికేది ఇంకో 12 గంటలే. ఆదివారానికి 0.6, ఇంకా 1 లోపే. అదే పాత డోస్‌ని బుధవారం, శనివారానికి మారిస్తే ఆదివారం పొద్దున 5 ఉంటుంది. ఒక్క యూనిట్ కూడా అదనంగా అక్కర్లేదు. కాకపోతే మంగళవారం ఖాళీ అవుతుంది, ఆ రోజు జాగ్రత్తగా ఉండాలి.

అయితే ఆ 12 గంటలు సగటు మాత్రమే. ఒకడికి 8, ఇంకొకడికి 16 ఉండొచ్చు. శనివారం ఎక్కిస్తే ఆదివారానికి మొదటివాడికి 2.5, రెండోవాడికి 7 మిగులుతుంది, బరువు ఇద్దరిదీ ఒకటే అయినా సరే. చిన్నపిల్లల్లో త్వరగా తగ్గుతుంది. ఓ గ్రూప్ వాళ్ళలో ఫ్యాక్టర్ 8ని కాపాడే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ తక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్ళలోనూ సగటున త్వరగానే పోతుంది.

ఎవరి సంఖ్య ఎంతో తెలియాలంటే ఇదివరకు పదిసార్లు దాకా రక్తం తీయాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు మూడు శాంపిల్స్ చాలు. మిగతాది బేయస్ థీరమ్ చూసుకుంటుంది (పరీక్ష కోసం బట్టీపట్టిందే!). చాలామంది రోగుల డేటాతో ముందే ఒక అంచనా ఉంటుంది, ఈ మనిషి శాంపిల్స్‌తో దాన్ని సరిచేస్తారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళ వాప్స్-హీమో చేసేది ఇదే.

ఎమిసిజుమాబ్ అనే మందు వచ్చాక కొందరికి ఈ లెక్కే అక్కర్లేదు. చర్మం కింద, వారానికో నెలకో ఒక ఇంజెక్షన్. అది మావాడిదాకా రాలేదు.

నా కాగితం వాడు డాక్టర్‌గారికి చూపించాడు. టెస్ట్ చేయకుండా రోజులు మార్చొద్దన్నారట. ఏయే రోజుల్లో ఆడతావని మాత్రం అడిగి రాసుకున్నారు. వాడిది ఓ పాజిటివ్.