కొల్లేరులో ప్లస్ 5 గీత ఏమిటి?

కొల్లేరు పల్లెల్లో తరచు వినపడే మాట 'కాంటూరు'. ప్లస్ 5 కాంటూరు అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున ఉన్న చోట్లన్నీ కలుపుతూ సర్వే ఇంజనీర్లు గీసే గీత. లోతు కాదు, ఎత్తు! పొరపడేది ఇక్కడే. ఈ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ సరస్సులోకే దిగుతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. మధ్యలో చేపల చెరువు గట్టు అడ్డుపడితే నీరు వెనక్కి ఎగదన్ని వరిచేలను ముంచుతుంది. 2006లో గట్లకు గండ్లు కొట్టారు. గండి కొడితే సరిపోతుందా? గట్టు మట్టి అక్కడే పోగుపడి ఉంటే అదీ అడ్డే గదా. మట్టి ఎత్తి బయట పోయాలి, లెవెలు మళ్లీ చూడాలి.

పోనీ, ఉప్పుటేరును లోతుగా తవ్వేస్తే? వరద తొందరగా లాగుతుంది, నిజమే. కానీ వేసవిలో పోటు మీద ఉప్పునీరు అదే దారిన పైకెక్కుతుంది. అందుకే తవ్వకంతోబాటు రెగ్యులేటరు తలుపులూ కావాలంటారు ఇంజనీర్లు. వరదకు తెరవాలి, పోటుకు మూయాలి.

మీ ఊరికి లెవెలు తీయడానికి ఇంజనీర్లు వస్తే దగ్గరుండి పాత ముంపు ఆనవాళ్లు చూపించండి. ఆ గుర్తులు వారి కాగితాల్లో ఉండకపోవచ్చు.