దోషము దర్పణమందా? అమరికయందా?

మా పాఠశాల పై తరగతి విద్యార్థులు కొందరు 6 అంగుళముల దర్పణముతో ఒక న్యూటను దూరదర్శినిని కూర్చుకొనిరి. దాని నాభ్యంతరము 48 అంగుళములు. మొదటి రాత్రి శనిగ్రహమును చూడగా వలయము గ్రహమునకంటుకొనిన మసకవలె కనబడెను; నక్షత్రములకు తోకలు మొలిచెను. అద్దము చెడ్డదనియు, దానిని మరల నూరవలెననియు వారు నిశ్చయించుకొనిరి. నూరుట వారములకొలది శ్రమ. ఆ పేర మంచి అద్దమే చెడిపోవుటయు కలదు. కాబట్టి దోషమెచ్చట నున్నదో ముందుగా తెలిసికొను విధమును ఇచ్చట వ్రాయుచున్నాము.

న్యూటను 1668లో నిర్మించిన ఈ జాతి యంత్రమున గొట్టము అడుగున పుటాకార దర్పణమును, పై కొనకు సమీపమున ఏటవాలుగా నొక చిన్న సమతల దర్పణమును ఉండును. పెద్దది వెలుతురును కూర్చును. చిన్నది దానిని ప్రక్కనున్న కంటికటకమునకు త్రిప్పును. దృష్టిక్షేత్రపు అంచుననున్న నక్షత్రమునకు కొంచెము తోక వచ్చుట ఇట్టి దర్పణమునకు స్వభావమే, దానిని దోషమనరాదు. నట్టనడుమ నున్న నక్షత్రమునకు తోకయున్నయెడల అమరిక చెడినదని శంకింపవలయును.

పరీక్షకు ముందు యంత్రమును ఆరుబయట ఒక గంటసేపైనను ఉంచవలయును. వెచ్చని అద్దముపై లేచు గాలియే నక్షత్రమును అల్లాడించును. పిదప కంటికటకమును దాని గూటిలోనే త్రిప్పి చూడుడు. వికారము దానితో కూడ తిరిగినచో తప్పు కంటికటకమునదే. తల వంచినప్పుడు తిరిగినచో తప్పు మన కంటిదే!

ఇక అసలు పరీక్ష. ఇంగ్లండు దేశపు గ్రంథములు ధ్రువ నక్షత్రమును చూడుమనును. అది కదలనట్లుండుట సదుపాయమే. కాని మన కోస్తా జిల్లాలలో అది సుమారు 16, 17 డిగ్రీల ఎత్తుననే యుండును గనుక దట్టమైన గాలిగుండ చూడవలసివచ్చును. నడినెత్తిని సమీపించిన ప్రకాశవంతమైన తారయే మేలని మా అభిప్రాయము. 6 మిల్లీమీటర్ల కంటికటకముతో సుమారు 200 రెట్లు పెంచి, ఆ తారను నడుమకు తెచ్చి, నాభినుండి కొంచెము తప్పింపవలయును. అప్పుడది వలయములుగా విచ్చుకొనును. నడుమ చిన్న దర్పణపు నీడ నల్లచుక్కవలె నుండును. నీడ నడుమనున్నచో అమరిక సరి. ఒక ప్రక్కకు ఒరిగి, వలయములు ఆ వైపున ఇరుకైనచో అమరిక తప్పినది. అడుగుననున్న మూడు మరలలో ఒకదానిని రవ్వంత త్రిప్పి, తారను మరల నడుమకు తెచ్చి చూడవలయును. నీడ ఇంకను ఒరిగినచో వెనుకకు త్రిప్పవలయును.

అమరికతో తీరని దోషములును కలవు. నాభికి లోపల ఒక దిక్కున సాగిన తార, వెలుపల దానికి అడ్డముగా సాగినచో దర్పణపు వంపునందు వికారమున్నది. ముక్కోణముగా కనబడినచో సాధారణముగా పట్టుకొమ్మల బిగువే కారణము. వానికిని అద్దమునకును నడుమ కాగితము దూరునంత సందు వదలిన చాలును. నీడ నడుమనే యుండి, నాభికి ఇరుప్రక్కల వలయములు వేరువేరు తీరుల నున్నచో దర్పణపు ఆకారమే తప్పు. 1990లో అంతరిక్షమునకు పంపిన హబుల్ దూరదర్శినికి పట్టిన తెగులు ఈ జాతిదే. 2.4 మీటర్ల దర్పణపు అంచు సుమారు 2.2 మైక్రానుల మేర అధికముగా అరిగియుండెను. దానికి ఏ మరయు పనికిరాలేదు; 1993 డిసెంబరులో దిద్దుబాటు పరికరములను అమర్చవలసివచ్చెను.

మన పిల్లల యంత్రమున నీడ మిక్కిలి ఒరిగియుండెను, వలయములు మాత్రము ఇరువైపుల ఒక్క తీరుననే యుండెను. మరలు సవరించిన పిమ్మట వలయమునకును గ్రహమునకును నడుమ నల్లని ఎడము తేటపడెను. అద్దమును నూరలేదు. ఒక్క జాగ్రత్త: బిగింపు మరలను బిగించిన తరువాత తారను తిరిగి చూడవలయును, ఏలయనగా ఆ బిగింపులోనే దర్పణము మరల కొంచెము కదలుచుండును.