నా అంతట నేను లేస్తే చాలు: కండబలం గురించి ఒక పాఠం



ఈ నెల పాఠం కండబలం గురించి. "బరువులు ఎత్తడం కుర్రవాళ్ళ సంగతి గదా, ఆసుపత్రి పత్రికలో ఎందుకు?" అని మీరు అనుకోవచ్చు. మా ఆడవాళ్ళ వార్డులో జరిగిన ఒక సంగతి చెప్పి మొదలుపెడతాం.

ఒక పెద్దమ్మ. వయసు డెబ్బై దాటింది. సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాళెంలో పుట్టి పెరిగి, చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఇంట్లో కాలు జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక చక్కగా అతికింది. మూడు నెలల తరువాత మూత్రంలో మంట, జ్వరంతో మళ్ళీ వచ్చింది. అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటపడింది. ఆమె సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేసింది. తాగితే రాత్రి లేవాలి. లేవాలంటే కోడలిని నిద్ర లేపాలి. "సిస్టరమ్మా, బిళ్ళలు ఎన్నైనా మింగుతా. నా అంతట నేను లేస్తే చాలు గదమ్మా" అంది.

ఎముక అతికింది గాని కండ పోయింది. అందులో మా తప్పు కూడా ఉంది. మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు మాత్రలు, కట్టు, మళ్ళీ ఎప్పుడు రావాలి, అన్నీ చెప్పాం. "జాగ్రత్త, ఎక్కువ కదలవద్దు" అని కూడా చెప్పాం. ఇంట్లోవాళ్ళు ఆ మాటే పట్టుకున్నారు. "అమ్మ బతుకంతా కష్టపడింది, ఇక కూర్చోబెట్టి చూసుకుంటాం" అని కొడుకు మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే అందించాడు. అది ప్రేమే. కాని ఆ ప్రేమతో ఆమె కాళ్ళకు పని లేకుండా పోయింది.

మంచం ఏమి చేస్తుంది?

అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ఆ ఫలితాలు 2007లో ప్రచురించారు. పది రోజులకే వారి కాళ్ళ కండ సుమారు ఒక కిలో తగ్గిపోయింది. వాళ్ళకు ఏ జబ్బూ లేదు, పడుకోవడం ఒక్కటే చేశారు. ఇక జబ్బుపడి, సరిగా తినలేక పడుకున్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

వయసుతో కూడా కండ తగ్గుతుంది. ముప్పై దాటాక మెల్లగా, అరవై దాటాక త్వరగా. మొదట మెట్లు కష్టమవుతాయి, తరువాత పీట మీద నుంచి లేవడం, ఆ తరువాత పడిపోవడం. షుగరు ఉన్నవారికి ఇంకొక నష్టం ఉంది. మనం తిన్న అన్నంలోని చక్కెరలో ఎక్కువ భాగాన్ని దాచుకునేది కండలే. కండ తగ్గితే రక్తంలో చక్కెర అదుపు తప్పడం సులువు.

బలం ఎలా వస్తుంది?

మన రైలు దారిలోనే చీరాల, బాపట్లల మధ్య స్టూవర్టుపురం ఉంది. ఒకప్పుడు సాల్వేషన్ ఆర్మీ మిషనరీలు నడిపిన సెటిల్‌మెంటు అది. ఆ ఊరి యువకుడు రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. ఇది మగవాళ్ళ సంగతి అనుకోవద్దు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. ఇంత బరువు ఎవరూ మొదటి రోజే ఎత్తలేదు. ఈ వారం ఎత్తినదానికి వచ్చే వారం కొంచెం కలుపుతూ, ఏళ్ళ తరబడి సాధన చేశారు.

ఇదే పద్ధతిని ఆసుపత్రి వైద్యంగా మలచినవాడు థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి కోలుకోలేకపోతున్నారు. అప్పటిదాకా వారిచేత చిన్న బరువులు చాలాసార్లు ఎత్తించేవారు. డెలోర్మ్ పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువు పెట్టి, బలం వచ్చేకొద్దీ దానిని పెంచాడు. ఫలితాలను 1945లో ప్రచురించాడు. నేటి ఫిజియోథెరపీ వ్యాయామాలకు అది పునాది.

దీని వెనుక ఉన్న సంగతి ఇది. అలవాటు లేని బరువు పడినప్పుడు మొదటి కొన్ని వారాలలో నరాలు నేర్చుకుంటాయి. ఇంతవరకు ఊరకే ఉన్న కండ పోగులను కూడా పనిలోకి పిలుస్తాయి. అందుకే కండ పెరిగినట్టు కనబడకముందే బలం తెలుస్తుంది. తరువాత, విశ్రాంతిలో, తిన్న మాంసకృత్తులతో పోగులు లావవుతాయి. కాబట్టి బరువు, విశ్రాంతి, తిండి, మూడూ కావాలి.

"మేము రోజూ కష్టపడేవాళ్ళమే గదా!"

వల లాగేవారు, నాట్లు వేసేవారు ఇలా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కష్టం ఉన్న బలాన్ని నిలుపుతుంది. కాని రోజూ అదే బరువు మోస్తే కండ ఇంకా పెరగవలసిన అవసరం ఉండదు. పనిలో ఒకే నడుము, ఒకే భుజం అరిగిపోతాయి, విశ్రాంతి మన చేతిలో ఉండదు. పిల్లలు ఎదిగి పని మాన్పించిన రోజు నుంచి ఆ బలం కూడా జారిపోతుంది.

ఆలస్యమైందా?

కాలేదు. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో వృద్ధాశ్రమంలో ఉన్న, సుమారు తొంభై ఏళ్ళవారి చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. వారి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే 10 కిలోలు ఎత్తే కాలు 27 కిలోలు ఎత్తిందన్నమాట. ఇద్దరు చేతికర్ర వదిలిపెట్టారు. అయితే శిక్షణ ఆపిన నాలుగు వారాలలోనే బలం మళ్ళీ బాగా తగ్గింది. కనుక ఇది పళ్ళు తోముకోవడం వంటిది, మానకూడదు.

ఇంటిలో చేయవలసిన పాఠం

1. కుర్చీలో నుంచి లేవడం: కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. చేతుల సాయం లేకుండా లేచి, మెల్లగా కూర్చోండి. కష్టమైతే కుర్చీ మీద దుప్పట్లు మడిచి వేసి ఎత్తు పెంచండి. బలం వచ్చేకొద్దీ ఒక్కొక్క దుప్పటి తీసేయండి.

2. గోడను నెట్టడం: గోడకు చేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి, మళ్ళీ వెనక్కు రండి.

3. మడమలు ఎత్తడం: కిటికీ ఊచ పట్టుకొని మునివేళ్ళ మీద లేవండి.

4. ఇసుక సంచి: గుడ్డ సంచిలో అర కిలో ఇసుక పోసి కుట్టి, చీలమండకు కట్టుకొని, కూర్చొని మోకాలు చాపండి. ఇసుకకు మన దగ్గర కొదవ లేదు.

5. నీళ్ళ సీసాలు: చేతికొకటి పట్టుకొని మోచేయి వంచి ఎత్తండి. లీటరు నీళ్ళు కిలో బరువు. సగం నింపి మొదలుపెట్టండి.

ఒక్కొక్కటి 8 నుంచి 10 సార్లు, ఒక నిమిషం ఆగి మరొక విడత. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. 12 సార్లు సులువుగా చేయగలిగితే కొంచెం బరువు కలపండి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడుపు. పెద్దలు కూడా వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. తిండిలో గుడ్డు, చేప, పప్పు, శనగ గుగ్గిళ్ళు, ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ, బి.పి. ఉన్నవారు తగ్గించండి.

జాగ్రత్తలు

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టవద్దు, బి.పి. పెరుగుతుంది. పైకి అంకెలు లెక్కపెడితే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. ఒకటి రెండు రోజులు కండ నొప్పి సహజం. కీలు నొప్పి, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం వస్తే ఆపి మా దగ్గరికి రండి. అదుపులో లేని బి.పి., గుండె జబ్బు, గిలక, షుగరు వల్ల కంటి జబ్బు, ఇటీవలి ఆపరేషన్ ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరు గారిని అడగాలి. షుగరు మందు వేసుకునేవారు దగ్గర బెల్లం ముక్క ఉంచుకోండి.

జిమ్ములకు వెళ్ళే తమ్ముళ్ళకు ఒక మాట. త్వరగా కండ వస్తుందని ఎవరైనా సూది మందు ఇస్తే తీసుకోవద్దు. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి, సంతానం లేకుండా చేయగలవు.

ఇక మన పెద్దమ్మ సంగతి. జ్వరం తగ్గాక, డాక్టరు గారి అనుమతితో కుర్చీ మీద మూడు దుప్పట్లు వేసి మొదలుపెట్టాం. మొదటి రోజు మూడుసార్లు లేచి ఏడ్చేసింది. ఇంటికి వెళ్ళాక కోడలు లెక్కపెట్టింది, మనవడు ఇసుక సంచి కట్టాడు. పదో వారంలో దుప్పట్లు లేకుండా లేచింది. చేతికర్ర ఇంకా ఉంది, గంప మళ్ళీ ఎత్తలేదు. కాని రాత్రిపూట నీళ్ళు తాగుతోంది. కోడలు నిద్రపోతోంది.

అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో దేవాలయ ద్వారం దగ్గర కూర్చున్న కుంటివాని సంగతి మనకు తెలుసు. పేతురు అతన్ని మోసుకొని పోలేదు. చెయ్యి పట్టుకొని లేపాడు. ప్రభువు అతని పాదములకు, చీలమండలకు బలమిచ్చాడు, అతడే నడిచాడు. మీ ఇంటి పెద్దలకు కూడా చెయ్యి అందించండి. లేవడం మాత్రం వారినే లేవనివ్వండి.