లెక్కించు బుద్ధి, కల్పించు చేయి

పాఠ్యభాగము: నిర్గమకాండము 35:30–36:1

ప్రియులారా, మన సంఘములలో ఒక మాట తరచుగా వినుచున్నాము. “వీడు లెక్కల మనిషి, వాడు పాటల మనిషి” అని పిల్లలను చిన్ననాడే రెండుగా విడదీయుదుము. చదువు ముగించిన యౌవనుడు ఒక పనినుండి మరియొక పనికి మారినయెడల, “నిలకడ లేనివాడు” అని ముద్ర వేయుదుము. ఇది న్యాయమేనా? వాక్యపు వెలుగులో చూతము.

1. ఒకే ఆత్మ, రెండు నేర్పులు

ప్రత్యక్షగుడారపు పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచెను. చిత్రమైన పనులను ఊహించుటకును, రాళ్లు చెక్కి పొదుగుటకును అతనికి నేర్పు కలిగెను. ఆ పనికి పట్టిన బంగారము, వెండి, ఇత్తడి ఎంతయో తూకముతో సహా 38వ అధ్యాయములో వ్రాయబడియున్నది. లెక్కయు కల్పనయు ఒక్క పనిలోనే కలిసినవి.

ఇది మనకు క్రొత్తకాదు. ప్రొద్దుటూరు కంసాలి గీటురాయిమీద బంగారమును పరీక్షించి, తూచి, తరువాతనే నగకు రూపమిచ్చును. జమ్మలమడుగు ప్రాంతపు నేతగాడు పోగుల లెక్క తప్పినయెడల అంచుమీది పువ్వు చెడిపోవును. పులివెందుల మెట్టరైతు నేల తేమ చూచి, ఉన్న కొద్ది నీటితో పంట నిలుపు ఉపాయము ఆలోచించును. వీరిలో ఎవరిని లెక్కలవాడందుము? ఎవరిని కల్పనగలవాడందుము?

2. ఒక జీవితము, అనేక పనులు

మన కడప జిల్లా మరువరాని చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టెను. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌను దైవసేవకుడు. 1820లో కుమారుడు కలెక్టరు క్రింది ఉద్యోగిగా కడపకు వచ్చి, తెలుగు నేర్చుకొనెను. తరువాత న్యాయాధికారిగాను, ప్రభుత్వ అనువాదకుడుగాను, ఇంక ననేక పదవులలోను పనిచేసెను.

1832–33లో గుంటూరు సీమలో ఘోరమైన కాటకము వచ్చినప్పుడు, పైయధికారులు ఆ మాటకు అభ్యంతరపెట్టినను, ఆయన దానిని కరవనియే వ్రాసి, ఆకలిగొన్నవారికి సాయపడెను. 1834లో ఉద్యోగము పోయెను. అయినను 1837లో మరల ఈ దేశమునకు వచ్చి పని సాగించెను.

కడపలోని తన బంగళాలో పండితులను జీతమిచ్చి కూర్చుండబెట్టి, తాటాకు ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి, తప్పులు దిద్దించెను. పోల్చుట పరిశోధకుని పని. మరుగునపడిన వేమన పద్యములను 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయుట సృజించువాని పని. 1852లో ఆయన తెలుగు నిఘంటువు మద్రాసులో వెలువడెను. ఆ బంగళా ఉండిన చోట నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రమున్నది.

పదవులు మారినను వాటిని కూర్చిన దారము ఒకటున్నది: ఈ ప్రజలును, వీరి మాటయును.

3. వరము ఎవరి కొరకు?

బెసలేలుకు చేయు నేర్పే కాదు, ఇతరులకు నేర్పు బుద్ధియు ఇయ్యబడెను (35:34). తనతోనే ముగియు నేర్పు మందిరము కట్టలేదు. లండను మిషనువారు స్థాపించిన జమ్మలమడుగు కేంప్‌బెల్ ఆసుపత్రి పేరు మన పల్లెలన్నిటికిని తెలియును. ఏ ఆసుపత్రిలోనైనను నర్సు జ్వరము డిగ్రీలు సరిగా చూడవలెను. భయపడిన తల్లికి ఏ మాట చెప్పవలెనో కూడ అప్పటికప్పుడు కనుగొనవలెను. రెండవది ఏ పుస్తకములోను దొరకదు.

అయితే జాగ్రత్త. విసుగుచేత పని విడిచి పారిపోవుట వేరు, అవసరతను చూచి క్రొత్త పనికి చేయి చాచుట వేరు. ఎన్ని పనులు మారితివని యౌవనుని అడుగుటకంటె, ఆ పనులలో ఎవరికి మేలు కలిగెనని అడుగుదము. సంఘపు లెక్కలు వ్రాయు కుమారునికి క్రిస్మసు నాటిక వ్రాయు పనియు, పాటలు కట్టు కుమార్తెకు కానుకల లెక్క చూచు పనియు అప్పగించి చూతము. తనలోనున్నది తానెరుగని బిడ్డ మన ముద్రక్రింద నలిగిపోవుట దేవునికి ఇష్టముకాదు.

ధ్యానమునకు ప్రశ్నలు

1. మన సంఘములో ఒక్క పనికే కట్టివేయబడినవారెవరు?
2. మన చేతి నేర్పును ఈ నెలలో ఎవరికి నేర్పగలము?

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన బుద్ధిని, చేతి నేర్పును విడదీయక, పొరుగువారి మేలుకొరకు వాడుటకు మాకు కృప దయచేయుము. ఆమేన్.