పరార్థానుమానము - ఉన్నత పాఠశాలలో వాదవ్యాస రచన

ఉన్నత పాఠశాల విద్యార్థులు వ్రాసే చర్చాత్మక వ్యాసాలలో ప్రధానలోపం భాషకు సంబంధించినది కాదు. వాటిలో అభిప్రాయం ఉంటుంది, దాని చుట్టూ సూక్తులు ఉంటాయి. ఎదుటివాడు దానిని ఎందుకు అంగీకరించవలెనో ఉండదు. ప్రాచ్య కళాశాలలలో చదివి తెలుగు పండితులుగా పాఠశాలలకు వెళ్లేవారికి ఈ లోపాన్ని గుర్తించుటకు కొత్త శాస్త్రం అక్కరలేదు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో చూపిన స్వార్థానుమాన, పరార్థానుమాన భేదమే చాలును. పొగను చూచి నిప్పును తానై గ్రహించుట స్వార్థం. ఆ జ్ఞానాన్ని పరునికి కలిగించుటకు పంచావయవ వాక్యాన్ని ప్రయోగించుట పరార్థం. విద్యార్థి మొదటిదాన్నే కాగితంపై పెట్టి రెండవది వ్రాశాననుకొంటున్నాడు.

'పాఠశాల గ్రంథాలయం వేసవి సెలవులలోను తెరచి ఉండవలెను' అనే ప్రతిజ్ఞను తీసుకొందాము. 'గ్రంథాలయం మంచిది కనుక' అన్నది తరచుగా వచ్చే హేతువు. ఇది సవ్యభిచారం, మంచివై కూడ సెలవులలో మూసి ఉంచదగినవి ఎన్నో కలవు. 'సెలవులలో పిల్లలు చదువుటకు ఉత్సాహపడుదురు కనుక' అన్నచో అది సాధ్యసమం, ఆ ఉత్సాహమే ముందు నిరూపింపవలసినది. 'ఇంట పుస్తకాలు లేనివారికి ఆ రోజులలో వేరొక ఆధారం లేదు కనుక' అన్నప్పుడు హేతువు నిలుచును. బదులు లేని వసతి అవసరమున్నంత కాలం అందుబాటులో ఉండవలెననుట ఇక్కడి వ్యాప్తి. ఆదివారం నాడు కూడ నీరిచ్చే ఊరి కుళాయి ఉదాహరణం.

పాఠశాలలో పూర్తిగా విస్మరింపబడుతున్నది ఉపనయం. ఉదాహరణం చెప్పగానే విద్యార్థి ముగింపుకు దూకును. తమ ఊరిలో మరొక గ్రంథాలయం ఉన్నదా, తన తరగతిలో ఎందరి ఇండ్లలో పాఠ్యేతర పుస్తకాలు ఉన్నవి అని విచారించి వ్రాసినప్పుడే సామాన్యసూత్రం ఆ పాఠశాలకు అన్వయించును. వ్యాసంలో విద్యార్థి స్వయంగా సంపాదింపగల భాగం ఇదొక్కటే. మిగిలినవి గైడులలో దొరకును.

పూర్వపక్షం సంగతి వేరు. తాళంచెవి ఎవరివద్ద ఉండును, పుస్తకాలు పోయినచో బాధ్యత ఎవరిది అని ప్రధానోపాధ్యాయుడు అడుగును. అవి న్యాయమైన ప్రశ్నలే. వాటికి సమాధానం వెదకుచుండగా ప్రతిజ్ఞ 'వారమునకు రెండు దినములు, పూట రెండు గంటలు, ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో' అని మారవచ్చును. అయితే వాదమధ్యంలో ప్రతిజ్ఞను మార్చుట ప్రతిజ్ఞాంతరం. న్యాయసూత్రాల పంచమాధ్యాయంలోని ఇరువది రెండు నిగ్రహస్థానాలలో అది ఒకటి. కావున పూర్వపక్షాన్ని వ్యాసం చివర ఒక పేరాగా అతికించుమని నేర్పుట పొరపాటు. ప్రతిజ్ఞావాక్యం వ్రాయకమునుపే దానిని ఎదుర్కొనవలెను.

వాత్స్యాయన భాష్యంలో ఇందుకు చక్కని ఆధారం కలదు. కొందరు నైయాయికులు పంచావయవాలకు జిజ్ఞాస, సంశయం మొదలైన మరి అయిదింటిని చేర్చి పది అవయవాలు చెప్పిరనియు, అవి వాక్యభాగాలు కావనియు భాష్యకారుడు నిర్ణయించెను. జిజ్ఞాసా సంశయాలు విచారణను ప్రవర్తింపజేయునవే గాని పరునికి అర్థాన్ని సాధించి ఇచ్చునవి కావు. తరగతిగదిలో ఈ వివేకం చిత్తుప్రతికి, శుద్ధప్రతికి గల తేడాగా పరిణమించును. 'ఎవరు ఒప్పుకోరు, ఎందుకు?' అన్న ప్రశ్నకు విద్యార్థి చిత్తుప్రతిలో సగం పుటైనా కేటాయింపవలెను. ఉపాధ్యాయుడు ఆ సగం పుటను కూడ చూచి మార్కులు వేయవలెను.